సెలైన్ బాటిల్ మీది లెక్క

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో కూర్చుని చదువుకునేవాళ్లను కాసేపు గమనిస్తే, చేతిలో పుస్తకం చూడకుండానే ఎవరు దేనికి చదువుతున్నారో చెప్పెయ్యొచ్చు. గ్రూప్-1 వాళ్ల దగ్గర పుస్తకాల కన్నా పేపర్ కటింగులు ఎక్కువ. కానిస్టేబుల్ ఉద్యోగానికి చదివేవాళ్లు తెల్లారకముందే ఎక్కడో పరుగు ప్రాక్టీసు చేసి, బూట్ల దుమ్ముతోనే వచ్చి కూర్చుంటారు. వీళ్ల మధ్య అప్పుడప్పుడు నర్సింగ్ అమ్మాయిలు కనిపిస్తారు. ఎడమచేతిని కుడిచేత్తో తడుముకుంటూ గొణుక్కుంటుంటే అది అనాటమీ, ఎముకల పేర్లు. కళ్లు గట్టిగా మూసుకుని పెదవులు మాత్రం కదుపుతుంటే బయోకెమిస్ట్రీ. ఎముకైతే చేతికి తగులుతుంది. కంటికి కనిపించనిదాన్ని ఏం చేస్తారు పాపం, కళ్లు మూసుకుని బట్టీ పడతారు. భయం అక్కడే మొదలవుతుందని నా అనుమానం.

నేను ఈ పేటలోనే ఉంటూ, డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. మా సందులో ఇప్పుడు ఇళ్ల కన్నా లేడీస్ హాస్టళ్లే ఎక్కువ. కెమిస్ట్రీ మేడమ్ అని ఎవరో చెబితే డౌట్లు అడగడానికి వస్తుంటారు. అలా ఒకసారి మహబూబాబాద్ వైపు అమ్మాయి, బీఎస్సీ నర్సింగ్ రెండో సెమిస్టర్, గుమ్మంలో నిలబడే గోడు చెప్పుకుంది.

"మేడమ్, పేషెంటును పక్కకు తిప్పమంటే తిప్పుత, బీపీ చూడమంటే చూస్త. గీ కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తేనే చేతులు వణుకుతున్నయ్."

లోపలికి రమ్మంటే వచ్చింది గానీ కుర్చీ అంచు మీదే కూర్చుంది.

ఆ వణుకుకు కారణం లేకపోలేదు. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకంలో ఆమ్లం, క్షారం, ద్రవాభిసరణం చదువుకున్న పిల్ల, ఒక్క వేసవి దాటేసరికి అవన్నీ ఇంగ్లీషులో, అదీ రోగి ఒంట్లో జరిగే సంగతులుగా చదవాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో మార్చిన సిలబస్ అప్లైడ్ బయోకెమిస్ట్రీకి ఇచ్చింది 40 గంటలు. పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు, ఎంజైములు, రక్తంలో ఆమ్ల క్షారాల సమతూకం, కామెర్లు పుట్టే తీరు, లివర్, కిడ్నీ పరీక్షలు అన్నీ అందులోనే. పాఠం చెప్పేవాళ్లు పరుగెత్తక ఏం చేస్తారు? పిల్లలు జిరాక్స్ షాపులో క్వశ్చన్ బ్యాంకు కొనుక్కోక ఏం చేస్తారు? ఆ క్వశ్చన్ బ్యాంకుల మీద నాకు సదభిప్రాయం లేదు. పరీక్ష గట్టెక్కిస్తాయి, కాదనను. కానీ వాటిలో జవాబు ఉంటుంది తప్ప ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో ఉండదు.

వార్డులో రోజూ చూసే వస్తువు ఒకటి చెప్పమన్నాను. సెలైన్ బాటిల్ అంది. ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ వెయ్యడానికి ఫోన్లో ఫొటో కూడా తీసుకుందట. దాన్ని పెద్దది చేసి లేబుల్ చదవమన్నాను. సోడియం క్లోరైడ్ 0.9 శాతం. అంటే 100 మిల్లీలీటర్లలో 0.9 గ్రాము, లీటరులో 9 గ్రాములు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. దాని కింద చిన్న అక్షరాల్లో, లీటరుకు సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీఈక్వివలెంట్లు అని ఉంది.

"గది బట్టీ పట్టిన మేడమ్."

"ఆ 154 ఎక్కడి నుంచి వచ్చింది?"

తెలియదని తల అడ్డంగా ఊపింది. సోడియం పరమాణు భారం 23, క్లోరిన్‌ది 35.5, రెండూ కలిపితే 58.5. ఇది ఇంటర్‌లో లెక్కలేనన్ని సార్లు చేసిన కూడికే. 9ని దాంతో భాగించమన్నాను. క్యాలిక్యులేటర్ ముట్టుకోవద్దని, కాగితం మీదే చెయ్యమన్నాను. కొట్టివేతలతో కిందికి దిగుతూ దిగుతూ 0.1538 దగ్గర ఆగింది. దాన్ని మిల్లీల్లో చెప్పడానికి వెయ్యితో హెచ్చవేసి 153.8 అని రాసింది. పెన్ను ఎత్తి ఫోన్ వైపు చూసింది. మళ్లీ కాగితం వైపు చూసింది.

"గిది గదేనా?"

అదే మరి! ఫ్యాక్టరీలో ఎవరో వేసిన లెక్క తనూ వేసింది, జవాబు కలిసింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.

ఆ తర్వాత నేను అడగాల్సిన పని పడలేదు. 0.9 ఎందుకు, 2 శాతం ఎందుకు కాదు అని తనే అడిగింది. మా ఇంట్లో మాగాయ పెట్టేటప్పుడు ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు రాత్రికి రాత్రి ఊట వదులుతాయి. రక్తకణం గతీ అంతే. చుట్టూ ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు వదిలేసి ముడుచుకుపోతుంది. ఉత్త నీళ్లలో పడితే ఆ నీరంతా పీల్చుకుని పగిలిపోతుంది. 0.9 దగ్గర ఉన్నది ఉన్నట్టుంటుంది. అందుకే నరంలోకి మంచినీళ్లు ఎక్కించరు.

మూత్రంలో చక్కెర ఉందో లేదో చూసే బెనెడిక్ట్ పరీక్షా అంతే. 5 మిల్లీలీటర్ల నీలి ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి మరిగించాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. ఈ రంగుల వరుసను పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్తారు. ఆ నీలం మైలుతుత్తంలోని రాగిదేనని, చక్కెర దానికి ఎలక్ట్రాన్ ఇచ్చేస్తే ఎర్రటి రాగి ఆక్సైడ్ అయి అడుగుకు దిగుతుందని తెలిసినవాళ్లకు వరుస గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. పీహెచ్ దగ్గర లాగరిథమ్ అనగానే బెదిరిపోతారు. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడితే కేవలం 0.3 తేడాయే కదా అనిపిస్తుంది. 2కు లాగ్ విలువ 0.3010 అని ఇంటర్‌లో కంఠతా పట్టింది గుర్తుకొస్తే, హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థమవుతుంది. అలాంటి పేషెంటును చూసి డాక్టరు ఎందుకు కంగారుపడతాడో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

సూది వేసేవాళ్లకు ఇంత కెమిస్ట్రీ దేనికని అడిగేవాళ్లు మా పేటలోనే ఉన్నారు. వాళ్లకు నేను రూపాబాయి ఫర్దూన్‌జీ సంగతి చెబుతుంటాను. ఆమె హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, కోఠీ దగ్గర ఇప్పుడు సుల్తాన్ బజార్ ఆసుపత్రి అంటున్న రెసిడెన్సీ ఆసుపత్రిలో రోగులకు క్లోరోఫాం ఇచ్చేవారు. మత్తుమందు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఆ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో క్లోరోఫాం కమిషన్లు నడిపింది కూడా ఈ ఊళ్లోనే. అంత అనుభవం గడించిన రూపాబాయి 1909లో ఎడిన్‌బరో వెళ్లారు. దేనికి? ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుకోవడానికి. గాలీ వెలుతురూ తగిలితే క్లోరోఫాం విరిగి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. సీసాలోది మందో విషమో తెలుసుకోవాల్సింది దాన్ని చేతపట్టుకున్న మనిషే.

అలాగే, భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతీ చెబుతాను. ఆయన మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. హార్వర్డ్‌లో చదివే రోజుల్లో పొట్టకూటికి ఆసుపత్రిలో బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించింది ఆయనే. బెడ్‌పాన్ ముట్టుకోవడం నామోషీ అనుకునే మొదటి ఏడాది పిల్లలకు ఈ మాట చెబితే ముందు నమ్మరు.

మహబూబాబాద్ అమ్మాయి సెమిస్టర్ పాసైంది. మార్కులు గొప్పవేం కాదు. వణుకు కూడా పూర్తిగా పోలేదు. పోవాలని నేను కోరుకోను. ఎందుకంటే పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్ కూడా మంచినీళ్లలాగే తేటగా ఉంటుంది. 10 మిల్లీలీటర్లు, 15 శాతం, అంటే లోపల 1.5 గ్రాములు. పొటాషియం 39, క్లోరిన్ 35.5, కలిపితే 74.5. పాత లెక్కే మళ్లీ వేస్తే 20 మిల్లీఈక్వివలెంట్లు వస్తాయి. మనిషి రక్తంలో లీటరుకు ఉండాల్సింది 3.5 నుంచి 5. సెలైన్‌లో బాగా కలిపి, గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు అది. సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఈ లెక్క తెలిసిన నర్సు చెయ్యి ఆ యాంప్యూల్ దగ్గర తప్పకుండా ఆగుతుంది. లేబుల్ ఇంకోసారి చదువుతుంది, పక్కనున్న సిస్టర్‌ను కూడా చూడమంటుంది. పుస్తకం దగ్గర పడే భయం ఈ యాంప్యూల్ దగ్గరకు చేరితే చాలు. నన్నడిగితే, ధైర్యస్థులనిపించుకునే పిల్లల కన్నా ఈ వణికే పిల్లలే ఆసుపత్రికి ఎక్కువ పనికొస్తారు.

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ముందు నుంచి వెళ్తుంటే, రక్తపరీక్ష రిపోర్టులు చేతపట్టుకుని బయటికొచ్చేవాళ్లు కనిపిస్తారు. కాగితాన్ని ఇటూ అటూ తిప్పి, మడిచి సంచిలో పెట్టేస్తారు. అలాంటి కాగితాలు మన అందరి ఇళ్లలో, బీరువా సొరుగుల్లో మూలుగుతూనే ఉంటాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో నర్సింగ్ చదివే అమ్మాయి ఉంటే, ధైర్యంగా చదువుకోమ్మా అని ఊరికే దీవించకండి. మీ రిపోర్టు ఒకటి ఆమె చేతికిచ్చి, సోడియం అంటే ఏమిటో, పొటాషియం ఎంతుందో, క్రియాటినిన్ ఎందుకు చూస్తారో చెప్పమని అడగండి. తడబడితే పుస్తకం తెచ్చుకోనివ్వండి.