రాయి దొరికింది సరే... రేటు చెప్పేదెవరు?

మృగశిర కార్తె వచ్చిందంటే కళ్యాణదుర్గం తలెత్తి ఆకాశం వైపు చూస్తుంది. మబ్బు పడితే వేరుశనగ విత్తనాల ముచ్చట. గట్టి వాన పడితే మాత్రం ఇంకో ముచ్చట కూడా మొదలవుతుంది. ఉగ్గాని, బజ్జి పొట్లం కట్టించుకుని, నీళ్ళసీసా సంచిలో పెట్టుకుని, బెళుగుప్ప మీదుగా ఉరవకొండ దారి పట్టేవాళ్ళు కొందరుంటారు. 'యాడికప్పా?' అని అడిగితే చిన్న నవ్వు, వెంటనే జవాబు... 'వజ్రకరూరుకు!'

వేలం అంటే భయం

అనంతపురానికి పడమర దిక్కున ఉంటుంది కళ్యాణదుర్గం. పక్కనే అక్కమ్మగార్ల కొండ. ముదిగల్లు వైపు వెళితే వేల ఏళ్ళ నాటి రాతి సమాధులు. చుట్టూ ఎర్రనేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, వేరుశనగ చేలు. జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదునుకు పడితేనే పంట. లేదంటే పెట్టుబడి మట్టిపాలు!

అందుకే ఇక్కడి ఇళ్ళల్లో బంగారానికి బీరువాతో కంటే బ్యాంకుతోనే అనుబంధం ఎక్కువ. విత్తనాలప్పుడు కుదువకు వెళ్ళిన గాజులు పంట చేతికొస్తే తిరిగొస్తాయి. వానలు ముఖం చాటేస్తే గడువు దాటుతుంది. ఆపైన నోటీసు, పేపర్లో ప్రకటన, వేలం. ఈ కరవు సీమలో 'వేలం' అన్న మాటకు అర్థం అది... ఇంట్లోని సొత్తు చేజారిపోవడం. అమ్ముకునేవాడికి లాభం తెచ్చే వేలం కూడా ఒకటుంటుందని చెబితే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు.

నేల కడుపులోంచి...

వజ్రకరూరు పొలాల్లో వజ్రాలెందుకు? భూమి లోపల నూటయాభై కిలోమీటర్ల కంటే లోతున పుట్టిన వజ్రాల్ని పైకి మోసుకొచ్చింది కింబర్లైట్ అనే శిల. ఇది జరిగి సుమారు 110 కోట్ల ఏళ్ళు. గొట్టాల్లాంటి ఆ శిలలు ఎండకూ వానకూ అరిగిపోగా, అరగని వజ్రాలు మట్టిలో మిగిలిపోయాయి. వాన మట్టిని కడిగేస్తే రాయి మెరుస్తుంది. అంతే రహస్యం! భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు కింబర్లైట్లను గుంపులుగా విడదీశారు. అందులో ఒక గుంపు పేరు కళ్యాణదుర్గమే. అలాగని గునపాలు తియ్యక్కర్లేదు. కింబర్లైట్ ఉన్న ప్రతిచోటా వజ్రం ఉండదు.

1881లో వజ్రకరూరులో 67 కారెట్ల రాయి దొరికింది. 'గోర్ దో నోర్' అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. మద్రాసులోని ఓర్ అండ్ సన్స్ చేతికి వెళ్ళి, సానబట్టాక 24 కారెట్ల పైచిలుకు మిగిలింది. ముడి వజ్రం బేరంలో అసలు చిక్కు ఇదే. కనిపించే బరువు వేరు, చివరికి మిగిలే బరువు వేరు.

చీకట్లో బేరం

ఇప్పుడు ఓ కూలీకి రాయి దొరికిందనుకోండి. మొదట భయం. ఎవరికి చెప్పాలి? చెబితే ఏమవుతుంది? పొలం యజమాని నాదంటాడేమో! ఈలోగా కబురు ఎలా పాకుతుందో, మధ్యవర్తి గుమ్మంలో ఉంటాడు. చేతిలో నోట్ల కట్ట. ఒక్కోసారి నగదుతోపాటు తులాల లెక్కన బంగారం. కొన్నిసార్లు వ్యాపారులు పోటీపడి పాట పాడటమూ ఉంది. కానీ ఆ పాటకు రసీదు ఉండదు. కారెట్ల లెక్క కొనేవాడు చెప్పిందే. 2023లో కర్నూలు జిల్లాలో ఒక రైతు వజ్రం రెండు కోట్లు పలికిందని పత్రికల్లో వచ్చింది. దాని అసలు విలువెంతో అమ్మినవాడు తెలుసుకునే దారేది?

పన్నాలో అలా కాదు

మధ్యప్రదేశ్‌లోని పన్నా కూడా వెనకబడిన ప్రాంతమే. అక్కడ ప్రభుత్వ వజ్రాల కార్యాలయం ఉంది. నామమాత్రపు రుసుముతో చిన్న జాగా కౌలుకిస్తారు. దొరికిన రాయిని కార్యాలయంలో అప్పగిస్తే ఎదురుగానే తూచి, నాణ్యత చూసి, కాగితమిస్తారు. తర్వాత బహిరంగ వేలం. కనీస ధర రాకపోతే రాయి అమ్ముడుపోదు, వచ్చే వేలం దాకా ఆగుతుంది. వచ్చిన సొమ్ములో దాదాపు 12 శాతం రాయల్టీ, పన్ను పోను మిగతాది దొరికినవాడిదే. 2024 జులైలో అక్కడో కూలీకి 19.22 కారెట్ల వజ్రం దొరికింది. అంచనా విలువ సుమారు 80 లక్షలు. అతను దాన్ని జేబులో దాచుకుని తిరగలేదు, నేరుగా ఆఫీసులో ఇచ్చాడు.

ఇందులో చిక్కు లేకపోలేదు. డబ్బు రావడానికి నెలలు పడుతుంది. రేపటి కూలి డబ్బు కోసం ఎదురుచూసే ఇంటికి ఆ ఆగడం కష్టమే. మధ్యవర్తి బలమంతా ఆ తొందరలోనే ఉంది.

ఆగితే ఏమొస్తుందో చెప్పే కథ గోల్కొండ గులాబీ వజ్రం 'ప్రిన్సీ'ది. 34.65 కారెట్లు. 1960లో లండన్ సోథెబీస్ వేలంలో 46 వేల పౌండ్లు పలికింది. అదే వజ్రం 2013లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 3 కోట్ల 93 లక్షల డాలర్లు! చుట్టూ పదిమంది కొనేవాళ్ళుండాలి, రాయి పుట్టుక తెలిపే కాగితం ఉండాలి, ఇంతకు తక్కువైతే అమ్మనని చెప్పే హక్కు అమ్మేవాడికుండాలి. వేలం శాలల్లో జరిగేది ఇదే. కమీషన్ పోయినా గిట్టుబాటయ్యేది అందుకే.

తొలిసారి విలువైన వస్తువు అమ్మే ఎవరికైనా ఈ సూత్రం పనికొస్తుంది. అది వజ్రమే కానక్కర్లేదు, అవ్వ ఇచ్చిన కాసులపేరైనా సరే. మీ కళ్ళముందే తూచాలి. కారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే గ్రాముకు అయిదు కారెట్లు. ఒక్కరి మాట మీద బేరం తెగ్గొట్టొద్దు. కాగితం లేని చోట చేతులు కలపొద్దు.

సాయంత్రం బస్సు...

పొద్దు గూకే వేళకు బస్సులు తిరిగొస్తాయి. మోకాళ్ళకు మట్టి, నడుములో నొప్పి, సంచిలో నాలుగు గాజురాళ్ళు. వాళ్ళు వెతికిన పొలాల్లో మాత్రం రైతులు తలలు పట్టుకుంటున్నారు. తొక్కిన నేలలో విత్తనమెలా వేసేదని వాళ్ళ గోడు.

'దొరికెనా అన్నా?' అని పలకరిస్తారు ఊళ్ళో వాళ్ళు. 'ఏం దొరకలేదులే. పదును బాగుంది, రేపు విత్తుకుందాం' అంటాడు దిగినాయన. మార్కెట్‌లో వేరుశనగ ధర చెప్పేదీ అతను కాదు. అయినా విత్తుతాడు. కళ్యాణదుర్గం రైతు ఏటా ఆడే అసలు పందెం అదే మరి!