ఒంటి బూటు

"వదినా, ఉన్నావేటి?"

గోడవతల కేక. పోయి చూస్తే పక్కింటి వదిన చేతిలో ఒక్క బూటు. అడుగు ఊడి, నోరు తెరిచిన చేపలా ఉంది.

"పలాసలో కొని రెండు నెల్లు కానేదు. కోడి కూయకముందే సముద్రం ఒడ్డుకి పరుగు! ఇసక తినేసినాది. రెండోది ఎక్కడ పారేసినాడో ఆడికే తెలీదు."

వాళ్లబ్బాయి ఆర్మీకి తయారవుతున్నాడు. తెల్లారేసరికి మా ఉద్దానం రోడ్ల మీద ఇలాంటి కుర్రాళ్లే. 1.6 కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో కొట్టామన్నదే వాళ్ల లెక్క.

"అమెరికాలో బూట్లు పోగొట్టుకున్న పొలమనే ఒకటుంది వదినా" అన్నాను. చరిత్ర పాఠాలు చెప్పిన నోరు, ఊరుకోదు.

అది 1864 మే 15. అంతర్యుద్ధం. బానిసత్వాన్ని నిలబెట్టుకోడానికి పోరాడుతున్న దక్షిణాది వాళ్లకి మనుషులు చాల్లేదు. వర్జీనియా సైనిక విద్యాలయం పిల్లల్ని న్యూమార్కెట్ యుద్ధానికి రమ్మన్నారు. 257 మంది నాలుగు రోజులు నడిచొచ్చారు. వాన, గోధుమచేలో బురద. పరుగెత్తుతుంటే కాళ్ల బూట్లు ఆ బురదలోనే దిగబడిపోయాయి. అందరికన్నా చిన్నవాళ్లకి పదిహేనేళ్లు.

"ఓలమ్మ! తల్లులెలా పంపినారు?"

"చదువుకోమని పంపారు వదినా. పదిమంది తిరిగి రాలేదు."

మన దగ్గర మాత్రం? ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో సిపాయి పోతే, కొడుకు చిన్నవాడైనా పటాలంలో పేరు రాసుకునేవారు. ఆ డబ్బుతో ఇల్లు గడిచేది.

"మావోడిదీ ఆ లెక్కే. 2018లో తిత్లీ తుపానుకి జీడితోట పడిపోనాది కదా. పదిహేడున్నర ఎప్పుడు నిండుతాదా అని సూస్తన్నాడు. ఆర్మీలోకి తీసుకున్నా నాలుగేళ్లకి నూటికి పాతికమందినే ఉంచుతారంట. అయినా పరుగు ఆపడు."

నేను ఆపాల్సిన చోట ఆపలేదు. "ఆ విద్యాలయంలో ఏటా ఆ యుద్ధం గుర్తుగా హాజరు పిలుస్తారు. ఆ పదిమంది పేర్లు వచ్చినప్పుడు, యుద్ధంలో పోయాడని ఇంకో కుర్రాడు పలుకుతాడు."

వదిన బూటు గోడ మీద పెట్టింది. ఇంటివైపు తిరిగి కొడుకుని పేరుపెట్టి గట్టిగా పిలిచింది.

"ఏటమ్మా?" లోపల్నుంచి విసుగ్గా.

"ఏటీ నేదు. చోడంబలి సల్లారిపోతంది, తాగు."