కాఫీ డబ్బు ఏడాదికోసారి, రీఛార్జి 28 రోజులకోసారి

అరకు దగ్గర మాకు ఎకరంన్నర కాఫీ తోట ఉంది. అందులో సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల పాదులున్నాయి. ఈ రెండిటి డబ్బూ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. మిగతా రోజులు సంతకు మోసే అల్లం, రాజ్‌మా, చీపుళ్ల మీదే నడుస్తాయి. ఇంటికి ఇంటర్నెట్ పెట్టించడానికి నాకు మూడేళ్లు పట్టింది అందుకే.

2017 డిసెంబరు 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. టీవీ, నెట్, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్న మాట మా కొండల మీదా వినిపించింది. గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగడంతో ఖర్చు తగ్గిందన్నారు. మా వాళ్లు దాన్ని నెట్ ధరగా చూడనే లేదు. డిష్‌కి ఎలాగూ కడుతున్నాం కదా, ఆ డబ్బుకే నెట్ కూడా వస్తుందట అని లెక్కేసుకున్నారు. ధర తక్కువ కావడం ఒక ఎత్తు, అలవాటైన ఖర్చులో కలిసిపోవడం ఇంకో ఎత్తు.

నేను మాత్రం ఫోన్ రీఛార్జితోనే నెట్టుకొచ్చాను. 2024 జులైలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299కి పెరిగింది. ఇంట్లో మూడు ఫోన్లు. 28 రోజులంటే ఏడాదికి 13 సార్లు వేయించాలి. ఒక రాత్రి పాప నోటుబుక్కు వెనక అట్ట మీద లెక్క కట్టాను. 11,661 రూపాయలు తేలింది. ఊళ్లోకి వచ్చిన ఫైబర్ నెలకు 399, జీఎస్టీ 18 శాతం కలిపితే 471. ఏడాదికి 5,652.

సగానికే వస్తున్నదాన్ని ఎందుకు వదిలేశాను? బాక్సుకీ వైరుకీ ముందుగా 2,500 కట్టమన్నారు. నాట్ల రోజుల్లో ఆ సొమ్ము మా చేతిలో ఉండదు. 299 అయితే ఒక సంతలో పుడుతుంది. పుట్టని వారం పాప చదువు కోసం ఒక్క ఫోనుకే వేయిస్తాం, మిగతా రెండూ ఆగుతాయి. ఎవరికీ బాకీ ఉండం. మా వీధిలో ఫైబర్ ముందు పెట్టించుకున్నది నెల జీతం వచ్చే మేస్టారు, పర్యాటకులకు గదులిచ్చే ఇంటివాళ్లు. వాళ్లు మాకంటే తెలివైనవాళ్లని కాదు, వాళ్ల రాబడి బిల్లు అడిగే తేదీకి అందుతుంది.

2025 ఫిబ్రవరిలో కాఫీ డబ్బు ఖాతాలో పడిన వారమే బాక్సు డబ్బూ, ఆరు నెలల బిల్లూ కలిపి 5,326 కట్టేశాను. అంతకుముందు డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక డేటా లేని, మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు వచ్చాయి. నాన్న ఫోనూ, మా ఆవిడ ఫోనూ వాటికి మార్చాం. నాది మార్చలేదు. తోటలోకి ఫైబర్ రాదు కదా. అందుకే మిగులు కాగితం మీద వేసుకున్నంత లేదు. జూన్ గాలివానకు కొమ్మ పడి వైరు తెగితే నాలుగు రోజులు నా ఫోనే ఇంటందరికీ దిక్కయింది. అయినా పాప ఇప్పుడు డేటా అయిపోతుందని పాఠం సగంలో ఆపడం లేదు.

బాక్సు డబ్బును పది సంతల మీద వాయిదాలుగా తీసుకున్నా, కాఫీ కోతల తర్వాత కట్టమన్నా మా ఊళ్లో ఇంకో ఇరవై ఇళ్లు వెంటనే పెట్టించుకుంటాయి. ఈ మాట కేబుల్ అతనికి రెండుసార్లు చెప్పాను. పైవాళ్లను అడుగుతానన్నాడు.

ఆగస్టులో మళ్లీ 2,826 కట్టాలి. ఒక మూట మిరియాలు అమ్మకుండా అటక మీద దాచాను.