వాకిటి చక్రము

మా వాకిట నొక పాత కారు గలదు. మావారు బడిపంతులగుటచే క్రొత్తదానిని కొనుశక్తి లేక 2021వ సంవత్సరమున నొకరు వాడి విడిచిన చిన్న మారుతిని కొనిరి. అది వచ్చిననాడు చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, పసుపుకుంకుమ లద్ది, హారతి యిచ్చినదానను నేనే. అటుపిమ్మట దానివంక శ్రద్ధతో చూచినది లేదు. ప్రతిదినమును దానిచుట్టు కల్లాపి చల్లి ముగ్గు వేయుచుంటిని. వెనుక కుడిచక్రపు టైరు ప్రక్కభాగమున సన్నని బీటలు, వేసవిలో పాపఘ్నిలో నెండిన మడుగు బురదవలె, నా కంటబడుచునే యుండెను. బండి సంగతులు మగవారివి గదా యని ముగ్గుగిన్నె తీసికొని లోనికి బోవుచుంటిని.

2023 మే నెలలో నొకరాత్రి తొమ్మిది గంటలకు, భోజనమైన పిమ్మట వక్కాకు నమలుచుండగా, మా యత్తగారి మాట తడబడెను. కుడిచేయి వ్రేలాడిపోయెను. వాతమేమో యని నువ్వులనూనె కాచి రాచుచు మొదట నరగంట పోగొట్టితిమి. 108కి ఫోను చేయవలెనను తలంపే మాకు రాలేదని వ్రాయుటకు సిగ్గగుచున్నది. ఇంట కారుండగా నొరులనేల పిలువవలెనను ధైర్యము! ఆమెను నా యొడిలో బెట్టుకొని, మఱిది, పిల్లవాడు, మావారు, నేను, అందరము కడపకు బయలుదేరితిమి. సగము దారియైనను గడువకమున్నే దీపావళి బాంబు ప్రేలినట్లు చప్పుడై బండి యొకప్రక్కకు లాగెను. మావారెట్లో దానిని త్రోవ యంచున నిలిపిరి.

చక్రపు బోల్టులు త్రుప్పుపట్టి కదలలేదు. అన్నదమ్ములిద్దరును పానాపై నిలిచి త్రొక్కి త్రొక్కి వానిని విప్పునప్పటికి ముప్పావుగంట గడచెను. తరువాత స్టెపినీ దీసి నేలపై వేయగా నది దిండువలె నొత్తుకుపోయినది. కొన్ననాటినుండి దానిలో గాలి యున్నదో లేదో యెవరును చూచినవారు కారు. ఆ చీకటిలో నిలిచి చేయెత్తి చేయెత్తి తుదకొక అరటిగెలల లారీ యాగగా, ఆ పుణ్యాత్ముడు మమ్ము నెక్కించుకొని ఆసుపత్రికి జేర్చెను. అప్పటికి రాత్రి రెండు గంటలు.

వైద్యుడు మొదట నడిగినది, "ఎన్ని గంటలకు మొదలైంది?" అనియే. మావారు వ్రేళ్లపై లెక్కించుకొని తలవంచుకొనిరి. పక్షవాతమునకు మెదడులోని రక్తపుగడ్డను కరగించు సూదిమందు మొదలైన నాలుగున్నర గంటలలోపల వేయవలెనట. ఆ మందు వేసియున్నను చేయి తిరిగి వచ్చియుండునని యెవరు చెప్పగలరు? కాని దానిని వేయించు నవకాశమునే మేము పోగొట్టితిమి. మా యత్తగారు నేటికిని కుడిచేత ముద్ద కలుపలేరు.

నెలదినముల పిమ్మట నేనే బస్టాండు దగ్గరి మెకానిక్కు నొద్దకు బోయి ఆ ప్రేలిన టైరును చూపి, ఇది యేల యిట్లయ్యెనని యడిగితిని. అతడు ముందు నవ్వెను గాని నేను కదలకపోవుటచే శ్రద్ధగా చెప్పెను. టైరు ప్రక్కను నాలుగంకె లచ్చుపడియున్నవి: 1216. మొదటి రెండును వారమట, తరువాతివి సంవత్సరమట. అనగా 2016లో పండ్రెండవ వారమున తయారైనది. మేము కొనునాటికే దానికైదేండ్లు. మీదిగాళ్లు నిండుగా నున్నను రబ్బరు ముదిరి బీటలువారును. "ఎండకు పేలిందంటారు అందరూ. ఎండకన్నా గాలి తక్కువైతేనే ఎక్కువ పేలుతుంది అక్కా!" యని యతడన్నమాట నాకు వింతగా దోచెను. గాలి తగ్గిన టైరు తిరుగు ప్రతిసారియు నడిమికి వంగి లేచుచుండును. ఇనుపతీగెను మాటిమాటికి వంచినచో వేడెక్కునట్లే లోపల వేడెక్కును. పైగా మా కడపసీమ మే నెల, పైగా బండినిండ మనుష్యులు. వేసవిలో గాలి కొంచెము తీసివేయవలెనని మా వీథిలో పెద్దలు చెప్పుమాట యీ విధముగా తలక్రిందులైనది. ఎంత గాలి యుండవలెనో నడుపువారి తలుపు దగ్గర కాగితముపై నచ్చువేసియే యుందురు. దూరము పోకమున్ను, టైరు చల్లగా నున్నప్పుడే కొలిపించవలెను. ఇక అరుగుదలకు కొలత చట్టము చెప్పినది 1.6 మిల్లీమీటర్లు. కొలబద్ద యక్కరలేదు, గాళ్ల నడుమ అక్కడక్కడ చిన్నగట్లు గలవు. మీదిభాగమరిగి ఆ గట్లతో సమమైనచో టైరు మార్చవలసినదే.

నీటి సంగతి మాత్రము నాకు చెప్పకయే తెలిసినది. మా యూరిపేరున భూగర్భశాస్త్రజ్ఞులొక శిలాశ్రేణికి వేంపల్లె శ్రేణియని పేరుపెట్టిరి, సున్నపురాతి జాతిది. మా బోరునీటి నాలుగునాళ్లు కాచిన గిన్నె యడుగున తెల్లని పెచ్చు గట్టును. ఆ నీటినే రేడియేటరులో బోసినచో ఆ సన్నని గొట్టములలోను అదే పెచ్చు! కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయుట యందుకే. ఇంజను వేడిమీద నున్నప్పుడు రేడియేటరు మూత తీయరాదని గట్టిగా చెప్పుచున్నాను. మూతక్రింద నొత్తిడి యుండుటచే నీరు నూరు డిగ్రీలు దాటియు మఱుగక నిలిచియుండును; మూతదీసిన క్షణమున మొగముమీదికి చిమ్మును. కుక్కరు మూతను ఆవిరి పోకముందు పెరుకువారుందురా? వంటయింటివారికి దీనిని వేఱుగ నేర్పనక్కరలేదు.

బ్రేకునూనెయు నట్టిదే. అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమచేరిన నూనె వేడికి మఱిగి బుడగలెత్తినచో కాలు త్రొక్కినను బ్రేకు పడదు. మేము పుట్టింటికి కడపనుండి రాయచోటి పోవుదుము. గువ్వలచెరువు కనుమలో దిగునప్పుడు మావారు పూర్వము బ్రేకుపై కాలుంచియే దిగుచుండెడివారు. ఇప్పుడు తక్కువ గేరులో దిగుచున్నారు. నూనెను రెండేండ్లకొకసారి మార్పించుచున్నాము. దిగిన తరువాత నక్కడి పాలకోవ తినునప్పుడు పూర్వమువలె నా గుండె కొట్టుకొనుట లేదు.

ఇవన్నియు స్త్రీలకేల యందురా? 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు, భర్త కనిపెట్టిన మోటారుబండిని ఆయనకు చెప్పకయే తీసికొని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైము నుండి తన పుట్టింటికి నూరు కిలోమీటర్లకు పైగా పోయెను. లోకమున మొదటి దూరప్రయాణ మదియే. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో పొడిచి తెఱచెను. ఇంధనము చాలక మందులదుకాణమున కొనెను. బ్రేకు చెక్కలరిగిపోగా త్రోవలో చర్మకారునిచే తోలు కుట్టించెను. వానచినుకులు తుడుచు కఱ్ఱకు 1903లో అమెరికాలో హక్కుపత్రము పొందినది మేరీ ఆండర్సన్. మనవారిలోను, వాల్మీకి చెప్పకపోయినను, ఇరుసుచీల యూడినప్పుడు వ్రేలుపెట్టి రథమును నిలిపినది కైక యని జనులు చెప్పుకొందురు గదా! నా కీనాటికిని నడుపరాదు. చూచుటకు నడుపుట రావలసిన పనిలేదు.

శనివారము సాయంకాలము ఇల్లు కడిగిన పిమ్మట నొక పావుగంట బండికిచ్చుచున్నాను. చదునైన చోట, ఇంజను చల్లారిన పిదప ఆయిలుకొలత కఱ్ఱను తీసి తుడిచి మరల ముంచి చూతును. లైట్లు వెలిగించి గోడమీద నెఱ్ఱదీపముల నీడ చూతును. బోల్టులను నెలకొకసారి మావారు వదులుచేసి బిగింతురు. పట్టీల సంగతి యింకొకటి. వెనుక కూర్చున్నవారికిని సీటుబెల్టు నియమమేనని, లేనిచో 2019 సవరణచట్టము ప్రకారము వేయిరూపాయల జరిమానా యని మావారు చదివి చెప్పిరి. జరిమానాకన్న నాకు నచ్చిన మాట యేమనగా, గర్భిణీస్త్రీలు నడుముపట్టీని కడుపుమీదుగా గాక కడుపు క్రిందుగా, తుంటియెముకలపై నుంచుకొనవలెనట. మా ఆడపడుచు కదియే నేర్పితిని. చీర నలుగునని యామె గొణిగినది గాని పెట్టుకొనుచున్నది.

మొన్న శనివారము అలసియుండి, స్టెపినీ వెనుక సామానుల క్రింద నున్నదిగదా యని విడిచి లోనికి వచ్చుచుంటిని. అరుగుమీద ఎడమచేత తమలపాకు తుడుచుకొనుచున్న మా యత్తగారు తలయెత్తిరి. వారి మాట యిప్పటికిని కొంచెము ముద్దగానే యుండును.

"ఏమ్మే, లోపలి చక్రం చూసినావా?"

"లేదత్తా."

"చూసి రాపో. నేనేడికి పోతా, ఈడనే ఉంటా."

సామానులన్నియు దింపితిని.