నాన్నగారి ట్రంకుపెట్టెలోని పుస్తకం

మా నాన్నగారు చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేశారు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టె తెరిస్తే, ఖాకీ కాగితం అట్ట వేసిన 'కన్యాశుల్కం' కనబడింది. మొదటి పుటలను చెదలు తినేశాయి. మిగిలిన ఇంగ్లీషు పీఠిక చివర మాత్రం 1897 అని స్పష్టంగా ఉంది. గురజాడ అప్పారావుగారి నాటకం మొదట అచ్చయినది ఆ సంవత్సరమేనని మాకు తెలుసు. ఇంకేముంది! నూరేళ్లు దాటిన మొదటి ముద్రణ మా ఇంట్లోనే ఉందని సంబరపడ్డాము.

ఈ మాట ఎలా పాకిందో గాని, పాత పుస్తకాలు కొనే ఒకాయన వచ్చాడు. ఆయన కూడా మాలాగే ఆ సంవత్సరం చూసి నమ్మి, ఐదువేలు బయానా ఇచ్చి వెళ్లాడు. అందులో సగం అమ్మాయి నర్సింగు ఫీజుకు కట్టేశాము.

అయినా ఎందుకైనా మంచిదని విజయనగరం రైలెక్కి, మాకు తెలిసిన ఒక రిటైరైన తెలుగు మాష్టారికి చూపించాము. ఆయన తేదీ వంక చూడనేలేదు. "ముందు అంకాలెన్నో లెక్కపెట్టండి" అన్నారు.

ఏడు.

"మొదటి దానిలో ఐదే అమ్మా. 1909లో అప్పారావుగారు నాటకాన్ని బాగా పెంచి తిరగరాశారు. మధురవాణి అంత పెద్ద పాత్ర అయింది అప్పుడే. తరువాతి ముద్రణలలో పాత పీఠికను కూడా వేస్తూ వచ్చారు. దాని తేదీ మిమ్మల్ని మోసగించింది." ఐదంకాలున్నా తొందరపడకూడదట. ఆ మొదటి కూర్పునే బంగోరెగారు 1969లో మళ్లీ అచ్చు వేయించారు.

తరువాత ఖాకీ అట్ట విప్పమన్నారు. నాన్నగారు వేసిన అట్ట కదా, మేము ముట్టుకోలేదు. లోపల ధర రూపాయలు, నయా పైసలలో ఉంది! నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. 1964లో 'నయా' అనే మాట తీసేశారు. అంటే ఆ ఏడేళ్లలోనిది. నాన్నగారు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి.

ఇంగ్లండు నవలలు సేకరించేవారు కూడా ఇలాగే చూస్తారట. శీర్షిక పుట వెనుక మొదటి ప్రచురణ సంవత్సరం ఒక్కటే ఉందా, కింద తరువాతి ముద్రణలు కూడా వేశారా, పై కాగితం మీద ధర ఉందా అని వెదుకుతారు. మనవాళ్లు చాలామంది ముద్రణ సంఖ్య వేయడమే మరచిపోతారు.

తిరుగు రైలులో చాలాసేపు మాట్లాడుకోలేదు. "మనం చెప్పకపోతే ఆయనకేం తెలుస్తుంది?" అని మాలో ఒకరం అన్నాము. ఎవరమో ఇక్కడ రాయము.

మరుసటి వారం సంతలో రెండు మేకలను అమ్మి బయానా పూర్తి చేసి పట్టుకెళ్లాము. ఆయన నోట్లు లెక్కపెట్టుకొని, "ఎలా తెలిసింది?" అని అడిగాడు. అంకాల సంగతి చెప్పాము. ఒక పాత రసీదు వెనుక 'ఐదు, ఏడు' అని రాసుకొని జేబులో పెట్టుకొన్నాడు.