చిట్టాలో ఖాళీ

వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుపట్ల టోకు కొట్లలో పూర్వం రెండు పుస్తకాలుండేవి. జరిగినది జరిగినట్లు వ్రాసుకొనేది చిట్టా. దానినుండి పద్దులవారీగా ఎక్కించేది ఆవర్జా. ఆవర్జా చేతికందని పూట కూడ గుమాస్తా చిట్టా మానేవాడు కాదు.

నెట్‌వర్కులను కనిపెట్టుకొని ఉండే జబిక్స్ అనే సాఫ్ట్‌వేరుది ఇంచుమించు ఈ పద్ధతే. దాని ఆవర్జా డేటాబేస్. అది పడిపోతే సర్వరు మళ్ళీ మళ్ళీ తలుపు తడుతూ, ముందే నియమించిన బృందానికి కబురంపుతుంది. దూరాన ఉన్న ప్రాక్సీలు కొలతలను తమ చిట్టాలో దాచి, ఆవర్జా తెరుచుకోగానే అప్పగిస్తాయి. అయితే ఆ దాపు గడువు, మనం మార్చనిదే, 1 గంట మాత్రమే. 720 గంటల వరకు పెంచుకోవచ్చు.

ఒక సంస్థలో ఆ పని చూసే నా పూర్వ విద్యార్థి గడువు పెంచడం మరచాడు. ఒకనాటి రాత్రి డేటాబేస్ 4 గంటలు పడిపోయింది. 3 గంటల కొలతలు దక్కలేదు. పైవారు ఆ ఖాళీని "అంతా సవ్యం" అని నింపమన్నారట. "ఏం చేయమంటారు మాస్టారూ?" అన్నాడు.

హాజరుపట్టీలో ఖాళీ గడిని హాజరుగా లెక్కించరాదని ముప్పయ్యేళ్ళు చెప్పినవాణ్ణి. "తెలియదని వ్రాయి నాయనా. గడువు మరచింది నీవేనని కూడ వ్రాయి" అన్నాను.

వ్రాశాడు. మందలింపు వచ్చింది. మరునాడే గడువు మార్చాడు.

మిత్రులారా, మీరైతే ఏమనేవారు?