కరోల్‌బాగ్‌లో కలల కారు

మెట్రో రైలు ఝండేవాలాన్‌ దాటగానే కిటికీలోంచి 108 అడుగుల ఆంజనేయుడు కనిపిస్తాడు. పక్కనే నిలబడ్డ మా బావ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. 'ఏం కోరుకున్నావ్‌ బావా?' అనడిగితే... 'మంచి కారు దొరకాలనిరా' అన్నాడు, జేబులో చెక్కుబుక్కు తడుముకుంటూ!

బావకి నలభై ఆరేళ్లు. డిగ్రీ రోజుల్లో హాస్టల్‌ గోడకి అంటించిన ఎర్ర స్పోర్ట్స్‌ కారు బొమ్మని ఇప్పటికీ మర్చిపోలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్లల ఫీజులు... అన్నీ పోగా పద్నాలుగు లక్షలు మిగిలాయి. ఆ డబ్బుకి కొత్త స్పోర్ట్స్‌ కారు రాదు. పాతదైతే వస్తుంది, అదీ ఢిల్లీలో అయితే ఇంకా చవక అని ఎవరో చెప్పారు. అంతే, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశాడు. తోడుగా నన్ను పంపుతూ అక్క ఒక్కటే మాట అంది. 'తమ్ముడూ, మీ బావ కారుని చూస్తారు. నువ్వు కాగితాలు చూడు.'

ఎందుకంత చవక?

దేశ రాజధానిలో పదేళ్లు దాటిన డీజిల్‌ బళ్లూ, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లూ తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కాలుష్యం తట్టుకోలేక పెట్టిన నిబంధన అది. 2025లో బీఎస్‌-4, ఆపై ప్రమాణాల బళ్లకు అదే కోర్టు కొంత ఊరట ఇచ్చింది. కానీ భయం ఊరికే పోదుగా! వయసు మీదపడుతున్న కారుని ఢిల్లీలో కొనడానికి జనం వెనకాడతారు. అందుకే ధర తగ్గుతుంది. ఆ కార్లు పొరుగు రాష్ట్రాలకీ, మన హైదరాబాద్‌కీ దారిపడతాయి.

వాటిలో చాలావాటికి మజిలీ ఈ కరోల్‌బాగ్‌. ఓ పక్క పెళ్లి లెహెంగాలు, ఇంకో పక్క గఫార్‌ మార్కెట్‌ సెల్‌ఫోన్లు, మధ్యలో ఛోలే భటూరే ఘుమఘుమలు. నాలుగు సందులు తిరిగితే చాలు... మెర్సిడెస్‌లు, బీఎండబ్ల్యూలు, ఆడీలు అద్దానికి అద్దం ఆనించుకుని నిలబడి ఉంటాయి. మనిషి పక్కకి తిరిగి నడిస్తేగానీ దూరలేనంత ఇరుకు! ఇన్నింటి మధ్య నుంచి ఒక కారుని బయటికి ఎలా తీస్తారా అని చూస్తుండగానే, ఓ కుర్రాడు పది నిమిషాల్లో ఆరు కార్లు జరిపి ఏడోదాన్ని తెచ్చి మా ముందు పెట్టాడు.

ఎర్రది. రెండు తలుపులది. 2014 మోడల్‌ జర్మన్‌ కారు. ధర పదకొండు లక్షలు.

బావ మాట్లాడలేదు. తలుపు తీసి కూర్చుని స్టీరింగ్‌ మీద చేతులు పెట్టాడు, అంతే. ఆ ముఖం చూసి షాపాయన చాయ్‌ తెప్పించాడు. బేరం సగం అయిపోయిందని అతనికి అర్థమైపోయింది మరి!

బెల్టు చెప్పిన నిజం

మేం చేసిన తెలివైన పని ఒక్కటే. తెలిసినవాళ్ల ద్వారా ఓ మెకానిక్‌ని మాట్లాడుకుని, రెండు వేలిచ్చి వెంట తీసుకెళ్లాం. అతను ఇంజిన్‌ జోలికి వెళ్లకుండా ముందు బానెట్‌ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. 'మనం వచ్చే ముందే స్టార్ట్‌ చేశారు. చల్లటి ఇంజిన్‌ మొదటిసారి స్టార్టయ్యేప్పుడే దాని దగ్గూ ఆయాసమూ బయటపడతాయి' అన్నాడు.

తర్వాత టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూపించాడు. 2317 అని ఉంటే ఆ టైరు 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. మీటరేమో 28 వేల కిలోమీటర్లే తిరిగానంటోంది. క్లచ్‌ పెడల్‌ లేని కారు కాబట్టి బ్రేకు పెడల్‌ రబ్బరు చూశాడు. అరిగి నున్నగా ఉంది. 'ఈ రబ్బరు 28 వేలకి ఇలా అరగదు సాబ్‌.' తలుపు చుట్టూ ఉండే బీడింగ్‌ ఊడదీసి, లోపల ఫ్యాక్టరీ వెల్డింగ్‌ చుక్కలు వరసగా ఉన్నాయో లేదో చూశాడు. అవి బాగానే ఉన్నాయి.

చివరికి సీటుబెల్టుని పూర్తిగా, చివరిదాకా లాగాడు. రోజూ వాడేప్పుడు బయటికి రాని ఆఖరి జానెడు మీద ఓ గోధుమరంగు చార! బురద నీళ్లు ఆ ఎత్తుదాకా వచ్చి నిలిచిన గుర్తు. వరదల్లో మునిగి, బాగుచేయడం దండగ అనుకున్న కార్లను బీమా కంపెనీలు వేలంలో వదిలించుకుంటాయి. వాటిని కొని, కడిగి, సీట్లు మార్చి మళ్లీ అమ్మేవాళ్లుంటారు. తడిసిన వైర్లూ, కంప్యూటర్‌ పెట్టెలూ ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు. స్పోర్ట్స్‌ కారులో అలాంటి ఒక్క పెట్టె పోయినా ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది.

నేను ఆర్సీ అడిగాను. బ్యాంకు అప్పు ఇంకా దాని మీదే ఉంది. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలనీ, చేతిలో ఉన్న బండికి బాధ్యత వాళ్లదేననీ కేంద్రం తెచ్చిన నిబంధన 2023 ఏప్రిల్‌ నుంచి అమల్లో ఉంది. ఆ పత్రం చూపించమంటే షాపాయన 'రేపు చూపిస్తా' అన్నాడు. 'బయానా మాత్రం ఇవాళే ఇవ్వండి, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది' అని కూడా అన్నాడు.

బావ కారు దిగడానికి చాలాసేపు పట్టింది. అన్ని షాపులూ ఇలాగే ఉంటాయని కాదు. కానీ ఆ రోజు మా కాళ్లు మరో షాపు వైపు కదల్లేదు.

కందిపొడి సాక్షిగా లెక్కలు

అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్‌ క్యాంటీన్‌. పప్పు, కందిపొడి, నెయ్యి కడుపులో పడ్డాక బావ పెన్ను తీసి లెక్క వేశాడు. ఢిల్లీ కారుని హైదరాబాద్‌ తీసుకొస్తే అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం... అదే ఎన్‌వోసీ కావాలి. చలాన్లన్నీ కట్టి ఉండాలి. ఏడాదికి మించి మన దగ్గర ఉంచుకోవాలంటే కొత్త నంబరు తీసుకోవాలి. జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. అదీ మనం కొన్న ధర మీద కాదు, కారు తొలి ధర, వయసుని బట్టి! కొత్తప్పుడు నలభై లక్షల కారంటే ఆ పన్నే లక్షల్లో ఉంటుంది. దానికి బీమా, నాలుగు టైర్లు కలిపేసరికి 'ఢిల్లీ చవక' సగం ఆవిరైపోయింది.

'అంటే వద్దంటావా?' అన్నాడు బావ. మజ్జిగన్నం ముందు చిన్నపిల్లాడిలా కనిపించాడు.

ద్వారకలో పెద్దాయన

మర్నాడు అదే బ్లూ లైన్‌లో ద్వారక వెళ్లాం. అక్కడ రిటైరైన పెద్దాయన ఒకరు కొడుకు కారు అమ్ముతున్నారు. అబ్బాయి విదేశాల్లో స్థిరపడ్డాడట. అదే ఏడాది, అదే మోడల్‌. రంగు మాత్రం బూడిద. ధర పన్నెండున్నర లక్షలు. ఇంజిన్‌ చల్లగా ఉంది. సీటుబెల్టు చివరిదాకా శుభ్రంగా ఉంది. అట్టపెట్టెలో ఏడాదివారీగా సర్వీసు బిల్లులు. మేం అడక్కముందే 'ఎడమ తలుపు స్తంభానికి గీరుకుంటే రంగు వేయించాం' అన్నారాయన.

బేరం కుదిరింది. తాళాలు అడిగితే మాత్రం ఇవ్వలేదు. 'ముందు ఎన్‌వోసీ వస్తుంది, పేరు మార్పు కాగితాల మీద సంతకాలు పడతాయి. తర్వాతే కారు' అన్నారు. ఎప్పుడో అమ్మేసిన స్కూటరు ఇంకా తన పేరు మీదే ఉండిపోయి నోటీసు వచ్చిందట. ఆ భయం న్యాయమైనదే. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆ పేరున్నవాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో ఎప్పుడో ఓ స్కూటరో కారో అమ్మి ఉంటే, అది ఎవరి పేరు మీద ఉందో మీరూ ఓసారి చూసుకోండి. ఎంపరివాహన్‌ యాప్‌లో నంబరు కొట్టి చూడొచ్చు.

మేం చేతులూపుకుంటూ రైలెక్కాం. ఆరు వారాల తర్వాత బావ మళ్లీ వెళ్లి, ఆగ్రా, ఝాన్సీ, నాగ్‌పూర్‌ల మీదుగా మూడు రోజుల్లో కారుని ఇంటికి తెచ్చాడు. అక్క నిమ్మకాయలు పెట్టి హారతిచ్చింది. 'పెళ్లి ఫొటోల్లో కూడా ఇంతగా నవ్వలేదు తమ్ముడూ' అని నా చెవిలో అంది.

ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ అందులో షికారుకి వెళ్తారు. ఒక్కటే చిక్కు. కారు నేలకి జానెడెత్తు. కాలనీ స్పీడ్‌బ్రేకర్‌ రాగానే అక్క దిగిపోతుంది. బావ కారుని ఏటవాలుగా, మెల్లగా, పసిపాపని దాటించినట్టు దాటిస్తాడు. అవతల అక్క మళ్లీ ఎక్కుతుంది.